కారణం అడగని క్యాలెండరు

కరెంటు పోగానే నా గదిలో యూపీఎస్ కీచుమంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, సుభద్ర గారు గుర్తొస్తారు. రాజమండ్రి దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో ఆవిడ ఫిజిక్స్ ప్రొఫెసరుగా ఉండేవారు. కంప్యూటర్ సెంటర్ బాధ్యత కూడా ఆవిడదే. నేను ఆవిడ కింద కొత్తగా చేరిన ప్రోగ్రామర్ని. అప్పట్లో మీటింగంటే అటెండరు నోటీసు పట్టుకుని భవనాలన్నీ తిరగడమే. కొందరికి అందేది, కొందరికి అందేది కాదు. ఒకసారి ఒకమ్మాయి పీహెచ్‌డీ వైవాకి బయటి ఊరి ప్రొఫెసరు వచ్చి కూర్చుంటే, ఆమె గైడు నోటీసు అందక వేరే మీటింగులో ఉండిపోయారు. వైవా వాయిదా పడింది. కొత్త చీర కట్టుకొచ్చిన ఆ పిల్ల వరండాలో నిలబడి ఏడ్చింది. ఇది చూశాక సుభద్ర గారు అధ్యాపకులందరికీ ఈమెయిలు, ఎవరికి ఎప్పుడు ఏ పనుందో అందరికీ కంప్యూటర్లో కనబడే ఉమ్మడి క్యాలెండరు అలవాటు చేయాలని పట్టుబట్టారు.

మొదటి శిక్షణ సెమినార్ హాల్లో పెట్టాం. సగంలో కరెంటు పోయింది, యూపీఎస్ అరవడం మొదలుపెట్టింది. వచ్చిన కొద్దిమందీ టీ తాగి, ఆత్రేయపురం పూతరేకులు బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయారు. వీసీ గారి చేత సర్క్యులర్ ఇప్పిద్దామన్నాను. అలా చేస్తే పాస్‌వర్డు అటెండరు చేతిలో పెట్టేసి ఊరుకుంటారని ఆవిడ నవ్వేశారు. మర్నాటి నుంచి నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్కరి గదికీ బయలుదేరారు. వెళ్ళగానే లాప్‌టాప్ తెరవనిచ్చేవారు కాదు. వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని, ఏది ఇబ్బందిగా ఉందో ముందు వినేవారు. ఒకాయనకి టైపింగు రాదని చెప్పుకోవడం నామోషీ. ఒకావిడకి రాసుకున్నదంతా చెరిగిపోతుందేమోనని భయం.

అందరికన్నా గట్టిగా కాదన్నది ఎకనామిక్స్ ప్రొఫెసర్ రాజు గారు. భీమవరం వైపు మనిషి, మాట నెమ్మది. శుక్రవారం మీటింగులకి రారని అప్పటికే ఆయన మీద ఫిర్యాదులున్నాయి. రావలసిన హెడ్ పదవి కూడా ఆయన్ని దాటిపోయేలా ఉంది.

"నా రోజంతా నలుగురి కళ్ళముందు ధాన్యంలా ఆరబెట్టుకోమంటారాండి?" అన్నారాయన.

సుభద్ర గారు వాదించలేదు. "అందులో ఏది కనబడకూడదో నాకు చెప్పక్కర్లేదండి. అసలు అలాంటిది ఉందా, లేదా? అది చెప్పండి చాలు" అన్నారు.

ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశారు. తర్వాత తనంతట తనే చెప్పారు. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం వాళ్ళావిడని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలట. నలుగురూ జాలిపడడం ఆవిడకి గిట్టదట. అందుకే ఎవరెన్ని మాటలన్నా ఊరుకున్నారట.

సుభద్ర గారు అప్పుడు నాకేసి చూసి, లాప్‌టాప్ తెరవమన్నారు. ఆ రెండు మధ్యాహ్నాలకీ 'ఖాళీ లేదు' అని పెట్టి, మిగతావాళ్ళకి ఎలా కనిపిస్తుందో చూపించాను. బూడిదరంగు గడి, అంతే. కారణం లేదు. "అంతేనాండి?" అని ఆయన రెండుసార్లు అడిగారు.

అంతే సరిపోయింది. శుక్రవారం పెట్టే మీటింగులు మెల్లగా బుధవారానికి జరిగాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడు రాజు గారే హెడ్ అయ్యారు, తన శాఖలో అందరిచేతా క్యాలెండరు వాడించారు. వాళ్ళావిడకి తర్వాత చెల్లెలు కిడ్నీ ఇచ్చింది. ఇప్పుడు వాళ్ళావిడే ఈ కథ అందరికీ నవ్వుతూ చెబుతున్నారు కాబట్టి నేనూ రాయగలుగుతున్నాను.

సుభద్ర గారు రిటైరై రామచంద్రపురంలో స్థిరపడ్డారు. ఆవిడ పని ఇప్పుడు నేను చూస్తున్నాను. ఏటా ఏదో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుంది, ఎవరో ఒకరు వద్దంటారు. నా దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు, ఆయన మొండివాడు మేడమ్ అని విసుక్కుంటారు. ఆ మాట వినగానే నేను లేచి ఆ మనిషి గదికి వెళతాను. ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంటాను. దాచుకోవలసింది ఏదో ఆయనకీ ఉండే ఉంటుంది. అది నాకు చెప్పకపోయినా ఫరవాలేదు.