అడుగు పండు

పత్తికొండ టమోటా మార్కెట్లో వ్యాపారి ఈరన్న బాక్సులో పైవరస పండ్లను చూడనే చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు పండును పైకి లాగి, బొటనవేలితో నొక్కి చూశాకే వేలంలో నోరు విప్పుతాడు. మనుషుల దగ్గరా అంతే. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఆ నవ్వు అడుగున ఏముందోనని వెతుకుతాడు.

అట్లాంటివాడు కర్నూలులో ఒక అంగడి ముందు ఆగిపోయాడు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియోగేములన్నీ చేతిలో పట్టుకుని ఆడే అరచేయంత బటన్ల డబ్బాలో ఉన్నాయట. "మొదటివి వద్దమ్మా, అడుగునుండే ఆట పెట్టు" అన్నాడు. అంగడి నడిపే శివాని నవ్వి, తెరమీది వరసలో చివరి ఆట పెట్టింది. గుంతలు దూకుతూ పరుగెత్తే బొమ్మ. ఒకప్పుడు కళ్లు మూసుకుని ఆడిన ఆటే. మొదటి గుంతలోనే పడ్డాడు. మళ్లీ ఆడి, మళ్లీ అక్కడే పడ్డాడు.

"బటన్ కుళ్లిపోయిండాదమ్మా! ఈ ఆటలో నన్ను గెలిచినోడు మా ఊర్లో యాడుండాడు?"

శివాని డబ్బా అందుకుని, బొమ్మను వరసగా గుంతలన్నీ దూకించి, తిరిగిచ్చింది. "బటన్ శానా బాగుండాదన్నా."

ఈరన్న డబ్బా వైపు చూడలేదు. తన కుడిచేతి బొటనవేలిని ఎడమచేత పట్టుకుని, అడుగు పండును నొక్కినట్టే మెల్లగా నొక్కి చూసుకున్నాడు.