అయిదో నంబరు జెండా, మామ్మగారి మూకుడు

పరాసుపేటలో ఫ్రెంచివాళ్లు లేరు, వలందపాలెంలో డచ్చివాళ్లు లేరు, ఇంగ్లీషుపాలెంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా నాకు పెద్దగా తగల్లేదు. వచ్చినవాళ్లంతా ఎప్పుడో ఓడలెక్కి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు పేటలకి మిగిలాయి, ఉప్పుగాలి మాకు మిగిలింది. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో బందరులో అద్దెకి గది కావాలంటే జీతం ఎంతని అడిగేవారు కాదు, "ఇంతవరకూ ఏ పేటల్లో చూశావమ్మా?" అని అడిగేవారు. మన జవాబుని బట్టి కుర్చీ వెయ్యాలో, గుమ్మంలోంచే పంపెయ్యాలో తేల్చుకునేవారు. నాకు గది ఇచ్చిన మామ్మగారైతే పరాసుపేట తప్ప తక్కినదంతా పొలిమేర కిందే లెక్క కట్టేది. తన ఇల్లు ఫ్రెంచివాళ్లు కట్టిందని చెప్పేది. (గుమ్మం మీద ఆవిడ మావగారి పేరు చెక్కి ఉండేది. అడిగితే, "ఆయన పేరు మాత్రమే చెక్కించుకున్నారే, గోడలు వాళ్లవే" అనేది.)

ఆ గది సంపాదించడానికి నేను నాన్నతో ఒక ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. మాది దివిసీమలో నాగాయలంక దాటాక ఒక చిన్న ఊరు. "సముద్రం పక్కనున్న ఊళ్లో ఒక్కదానివే ఉంటావా?" అన్నాడు నాన్న. మా ఊరు బందరు కన్నా సముద్రానికి దగ్గరని ఆయనకి గుర్తుచేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఎందుకంటే మా ఊళ్లో తుఫాను షెల్టరు ఉంది. లావుపాటి స్తంభాల మీద నిలబెట్టిన ఆ సిమెంటు మేడని, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నాన్న కాఫీ కంటే ముందు చూపించేవాడు. ఆయన దృష్టిలో భూమ్మీద క్షేమమైన చోటు అదొక్కటే. చివరికి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. "బందరు రేవులో తుఫాను హెచ్చరిక అయిదో నంబరు జెండా ఎక్కిందంటే నువ్వు నా ట్రాక్టరు ఎక్కాలి. ఎక్కాక మళ్లీ బందరు మాట ఎత్తకూడదు." సొంత తాళంచెవి ఉన్న గది కోసం ఆ వయసులో నేను దేనికైనా తలూపేదాన్ని. పైగా జెండా ఎక్కినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఎక్కింది. కార్తీకమాసం వెళ్లకుండానే వాయుగుండం లేచింది, టీవీలో ఎర్ర అక్షరాలు పరిగెత్తడం మొదలుపెట్టాయి. నాకు తుఫాను భయం అణువంత, నాన్న భయం కొండంత. ఉద్యోగం, గది, సాయంత్రాలు నా ఇష్టమొచ్చినట్టు తిరిగే పేటలు, అన్నీ ఒక్క ట్రాక్టరులో వెళ్లిపోయేలా ఉన్నాయి. మామ్మగారి ఫోను మోగింది. "బయల్దేరతన్నా" అని ఒకే మాట అని పెట్టేశాడు నాన్న.

ఏడుపు మొహంతో మామ్మగారికి చెప్పాను. ఆవిడ అప్పటికే శనగపిండి కలుపుతోంది. జెండా నంబర్లతో ఆవిడకి పనిలేదు. గాలి తిరిగిందంటే మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మూకుడు పొయ్యి మీదకి ఎక్కేది, ఉల్లిపాయ పకోడీలు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్లేవి. "రానీవే మీ నాన్నని. మేమెవరమూ భయపడటం లేదని చూస్తే ఆయనే సిగ్గుపడి వెనక్కి వెళ్తాడు" అంది. ఎదురింటి మిషను మామయ్యని కూడా పిలిచింది. ఆయన దర్జీ. సాయిబు గారే అయినా వీధిలో అందరికీ మామయ్యే. "ఫికరు పడకమ్మా. మీ నాన్నగారొచ్చేసరికి నేను వరండాలో కూర్చుని పాట పాడుతుంటా" అన్నాడు. నిజంగానే పాడాడు. వాన జల్లు మొహం మీద కొడుతుంటే తుడుచుకుంటూ, నవ్వుతూ, పాడుతూ కూర్చున్నాడు. ఆ నాటకం మొత్తంలో నమ్మశక్యం కానిది ఆయన గొంతే.

నాన్న వచ్చాడు. ట్రాక్టరు వెనక ట్రక్కు, దాని మీద ధాన్యం కుప్పలకి కప్పే బరకాలు, తల మీద యూరియా సంచి. తల దగ్గర్నుంచి కాళ్ల దాకా కారిపోతున్నాడు. వరండాలో హాయిగా కూర్చున్న మమ్మల్ని ఒకసారి చూశాడు. మామ్మగారు విజయగర్వంతో పకోడీల పళ్లెం ఆయన ముందు పెట్టి, "కూర్చో నాయనా. గాలివాన మాకు కొత్తా? రెండు తిను, వేడిగా ఉన్నాయి" అంది.

నాన్న పళ్లెం అందుకోలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. "మా అమ్మా ఆ రోజు ఇదే మాట అందండీ" అన్నాడు మెల్లగా. "మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఉప్పెన తీశాక మాకు ఆ మూకుడొక్కటే దొరికింది."

మిషను మామయ్య పాట ఆగిపోయింది. మా నాయనమ్మ ఉప్పెనలో పోయిందని నాకు తెలుసు, ఫొటో కూడా లేదని తెలుసు. కానీ మూకుడు సంగతి నాన్న నాకెప్పుడూ చెప్పలేదు. నా గదీ నా తాళంచెవీ ఒక్కసారిగా చాలా చిన్నవైపోయాయి. సంచి తెచ్చుకోవడానికి లేచాను. నాకంటే ముందు మామ్మగారు లేచి స్టవ్వు ఆపింది. "నడవండ్రా, అందరం వెళ్దాం. ఈయన్ని ఒంటరిగా వెనక్కి పంపితే మనం మనుషులమే కాదు" అంది.

నిర్ణయం గొప్పదే గానీ అమలు బందరు పద్ధతిలో జరిగింది. మామ్మగారు కాఫీ ఫిల్టరు లేకుండా కదలనంది, ఫిల్టరు ఎక్కాక ఆవకాయ జాడీ ఎక్కింది. "బావగారూ, గూడూరు పెళ్లివారి జాకెట్లున్నాయి, మిషను వదిలి నేను రాలేను" అన్నాడు మిషను మామయ్య నాన్నతో. మిషను ఎక్కింది. ఆయన భార్య రెండు కోళ్లని చంకలో పెట్టుకుని ఎక్కింది. నాన్న ఎవరికీ అడ్డు చెప్పలేదు, అన్నింటికీ తాడు కట్టాడు. బరకాల కింద ఒకళ్ల మీద ఒకళ్లం కూర్చుని చల్లపల్లి దాటి, పులిగడ్డ వంతెన మీద గాలికి ఊగుతూ, దారి పొడుగునా చల్లారిన పకోడీలు తింటూ వెళ్లాం. "ఫ్రెంచివాళ్లు కూడా ఇంత అవస్థపడి వెళ్లి ఉండరే" అని మామ్మగారు నా చెవిలో అరిచింది.

ట్రాక్టరు తిన్నగా షెల్టరు ముందు ఆగింది. నాన్న దిగి, గర్వంగా మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడిపోయాడు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉండేది నాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన దగ్గర. నాన్న ఆ ఇంటికి పరిగెత్తాడు, వెనకే నేను. ఆ ఇంటి అరుగు మీద పక్కింటి తాత ఒక్కడే చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఆయనా? పొద్దున్నే పిల్లల్నేసుకుని బందరు ఎల్లిపోయాడు. వియ్యంకుడి మేడుందంట పరాసుపేటలో. టౌను కదా, భయం ఉండదనీ" అన్నాడు తాత.

"మరి తాళంచెవి?" అన్నాడు నాన్న.

"మొలతాడుకి కట్టుకునే ఎల్లాడు. ఆయన జాగర్త మనిషి కదా."

నాన్న మొహం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గునపం తెచ్చి తాళం పగలగొట్టబోతుంటే మా ఇంట్లోంచి అమ్మ కేక వేసింది. వాయుగుండం ఒరిస్సా వైపు తిరిగిందట, రేడియోలో చెప్పారట. మా ఊరికి మాత్రం వాన వదల్లేదు. కరెంటు పోయింది, వాకిట్లో మోకాలి లోతు నీళ్లు. మా ఇంట్లో మామ్మగారు బందరు నుంచి తెచ్చిన ఫిల్టరులో కాఫీ పెడుతుంటే, మిషను మామయ్య దీపం ముందు పెళ్లివారి జాకెట్లకి కాజాలు కుడుతుంటే, కోళ్లు మా మంచం కింద స్థిరపడ్డాయి. ఆ రోజు పరాసుపేటలో చుక్క నీరు నిలవలేదని తర్వాత తెలిసింది.

తెల్లారాక నాన్న ట్రాక్టరు తీశాడు. అందరూ ఎక్కారు. నేను అరుగు మీదే నిలబడ్డాను, ఒప్పందం ఒప్పందమే కదా. నాన్న నా వైపు చూడటం లేదు. మామ్మగారు మాత్రం ట్రక్కులోంచి మళ్లీ కిందికి దిగింది. "పిల్ల ఎక్కకపోతే నేనూ ఎక్కను. మీ షెల్టరు తాళంచెవే మా పేటకొచ్చి తలదాచుకుంటే నీ కూతురు ఉంటే తప్పేమిటయ్యా?" అంది. నాన్న స్టీరింగు మీదకి తల వంచాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "ఒక్క మాటండీ. గాలి లేస్తే పొయ్యి మేడ మీద గదిలోకి ఎక్కాలి. పకోడీలు పైనే వెయ్యాలి" అన్నాడు. మామ్మగారు ఆవకాయ జాడీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

ఆ తర్వాత ఎన్ని వాయుగుండాలు లేచినా నాన్న ట్రాక్టరు తీయలేదు. మామ్మగారికి ఫోను చేసి, "మూకుడు మేడెక్కిందా అండీ?" అని అడిగేవాడు. "ఎక్కింది నాయనా" అంటే, "అయితే సరే" అని పెట్టేసేవాడు. (ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ వాయుగుండాన్ని తిడుతూ ఎక్కేది గానీ మాట తప్పలేదు.)

ఇప్పుడు నాన్న లేడు, మామ్మగారూ లేదు. నేను అదే పేటలో సొంత ఇంట్లో ఉంటూ, గది కోసం వచ్చే పిల్లల్ని "ఇంతకు ముందు ఏ పేటలో ఉన్నావమ్మా?" అని అడుగుతున్నాను. మా అమ్మాయి విశాఖలో ఉద్యోగం చేస్తోంది. ఈమధ్య టీవీలో మళ్లీ ఎర్ర అక్షరాలు పరిగెత్తితే దానికి ఫోను చేసి, "మూకుడు ఎక్కడుందే?" అన్నాను. "అమ్మా, నేనుండేదే ఎనిమిదో అంతస్తు. ఇంకెక్కడికి ఎక్కించమంటావు?" అని విసుక్కుంది. నేను సమాధానపడి ఫోను పెట్టేశాను. నిన్న సాయంత్రం మా ఆయన కారు డిక్కీ తెరిచి, "ఈ బరకం ఎందుకు పెట్టావు?" అని అడిగారు. వాయుగుండం ఎటో వెళ్లిపోయి వారమైంది గానీ, దాన్ని తీయడానికి నాకింకా చేతులు రాలేదు.