గోడలో బొమ్మరిల్లు

మొన్న మా పాత ఇంటి నడిమి గోడ కూలగొట్టడానికి వచ్చిన మేస్త్రీ పని ఆపి నన్ను పిలిచాడు. "అమ్మా, గోడల రేడియో వెట్టి కట్టిన్రేంది? ఎవలన్న జూస్తె నవ్వుతరు" అన్నాడు. నవ్వాల్సినవాళ్లు అప్పుడే నవ్వారని చెప్పి, సుత్తి ముట్టించకుండా దాన్ని చేత్తో తీయమన్నాను. తేదీలూ కొలతలూ మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఆ గోడ లేచింది 1988 మే నెల మొదటి గురువారం. దాని మందం తొమ్మిది అంగుళాలు, రేడియో పెట్టె లోతు తొమ్మిదిన్నర. ఆ అర అంగుళం మా వైపుకు పొడుచుకొచ్చి ఉండేది. వాటా ఎక్కువ తీసుకున్నామని మా తోటికోడలు చాలాకాలం దెప్పింది.

అది మా మామగారి రేడియో. సిద్దిపేట బజారులోని మా బట్టల దుకాణం కట్టేసి వచ్చి ఆయన దాని ముందు కూర్చునేవారు. ఆయన పోయిన మరుసటి ఏడు అదీ మూగబోయింది. బాగుచేసేవాడు లోపలి సామానంతా పీకేసి, ఉత్త టేకు పెట్టె తిరిగిచ్చాడు. ఆ వేసవిలో మా అత్తమ్మ నా బిడ్డనూ మా బావగారి బిడ్డనూ చెరో పక్కన కూర్చోబెట్టుకుని దానిలో బొమ్మరిల్లు కట్టడం మొదలుపెట్టింది. స్టేషన్ల పేర్లున్న అద్దం మేడ మీద కిటికీ అయింది. అగ్గిపెట్టెలు అతికించి అల్మారా చేశారు. తిప్పే గుండీ వంటింట్లో విసుర్రాయి. దుకాణంలో మిగిలిన పీలికలు పరదాలు. గడప లేని ఇల్లు ఇల్లే కాదని, విరిగిన గజంబద్ద ముక్కను కోసి గడప వేసింది అత్తమ్మ. దానికి పసుపు రాయమని పిల్లలు అడిగితే మాత్రం చేయి వెనక్కి తీసుకుంది. "నేను ముట్టద్దు బిడ్డా. మీ అమ్మలను పిలువున్రి" అంది. భర్త పోయినవాళ్లు గడపకు బొట్టు పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. మేము తోటికోడళ్లం అప్పటికే మాట్లాడుకోవడం లేదు. ఆమె వస్తుందేమోనని నేను పోలేదు, నేను వస్తానేమోనని ఆమె రాలేదు. గడప బోసిగా ఉండిపోయింది.

అన్నదమ్ములకు దుకాణంలో మాటా మాటా పెరిగి, ఆ గొడవ ఇంటిదాకా వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని, అడ్డుగోడ కోసం వాకిలి నడుమ తాడు పట్టించారు. అత్తమ్మ బావగారి వైపు, అత్తమ్మ పక్కన తప్ప నిద్రపోని నా బిడ్డ ఇవతలి వైపు. బిందెల దగ్గరనుంచి పీటల దాకా పంచారు. చివరికి పిల్లలిద్దరూ రేడియో పెట్టెను చెరోవైపు పట్టుకుని ఏడుస్తుంటే, ఒక పెద్దమనిషి విసుక్కుని, "గా డబ్బ గురించి గింత లొల్లా? పొయ్యిల వెట్టున్రి" అన్నాడు. అందరూ నవ్వారు. తలుపు చాటున నిలబడ్డ అత్తమ్మ నవ్వలేదు. మగవాళ్ల ముందుకు వచ్చి మాట్లాడే అలవాటు నేనెరిగి ఆమెకు లేదు.

గురువారం మధ్యాహ్నానికి గోడ పిల్లల నడుము ఎత్తు లేచింది. మేస్త్రీ అన్నానికి పోయాడు. నేను వంటింట్లోనుంచి బయటికి వచ్చి చూశాను. పచ్చి గోడ మీద బొమ్మరిల్లు, దాని ముందు అత్తమ్మ. ఆమె చేతిలో నా దేవుడి గూట్లోని కుంకుమ బరిణె. గజంబద్ద గడపకు నిండుగా పసుపు, మీద అయిదు బొట్లు. వేపకొమ్మ విరిచి తోరణం కూడా కట్టింది. అవతలనుంచి తోటికోడలు చూసి, "అయ్యో, అత్తమ్మా! కుంకుమ ముట్టినవా?" అని అరిచింది. ఎన్నాళ్లకో నేను విన్న ఆమె గొంతు అదే.

దుకాణంనుంచి బావగారూ మా ఆయనా వచ్చారు. బావగారి ముఖం నల్లబడింది. "అవ్వా, గిదేం పని? తీసెయ్ దాన్ని" అన్నారు తల్లితో.

"ముట్టద్దన్నరు, ముట్టిన. గడప వడ్డది. ఎవ్వలు తీస్తరో తియ్యున్రి" అంది అత్తమ్మ.

కొడుకులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తిరిగొచ్చిన మేస్త్రీని తీయమన్నారు. అతను చేతులు కట్టుకున్నాడు. "పసుపు వెట్టిన గడప పీకుడు నాతోని గాదు సావుకారి. నాకూ పిల్లలున్నరు. మీద బండ పరిచి కట్టుమంటె కడుత" అన్నాడు. కొడుకులు కూడా చేయి వేయలేదు. ఇద్దరికిద్దరూ దుకాణం పనులు గుర్తొచ్చి బయటికి పోయారు. సాయంత్రానికి గోడ ఆ పెట్టె చుట్టూ లేచింది.

దాని వెనక చెక్క లేదు, ముందు స్పీకరు మీది గుడ్డ లేదు. అటునుంచి ఒక బిడ్డ, ఇటునుంచి ఒక బిడ్డ బొమ్మలు నడిపించారు. రాత్రి అత్తమ్మ మంచం అవతల గోడకు ఆనించి వేసుకుంటే, నా బిడ్డ ఇవతల మంచం వేయించుకుని, పరదా పక్కనుంచి చేయి పెట్టి ఆమె వేలు పట్టుకుని పడుకుంది. తరవాత అందులోంచి తోటికోడలు చేసిన పచ్చిపులుసు గిన్నె వచ్చింది. గిన్నె ఖాళీగా పంపకూడదని నేను సకినాలు పెట్టి పంపాను.

పెట్టె ఇప్పుడు నా బల్ల మీద ఉంది. గజంబద్ద మీద పసుపు ఇంకా పోలేదు. గోడ లేచిన తేదీ నాకు గుర్తే, అది కూలిన తేదీ కూడా రాసిపెట్టుకున్నాను. ఆ పెట్టెలోంచి నేనూ నా తోటికోడలూ మళ్లీ మాట్లాడుకున్నది ఏ రోజో మాత్రం, ఎంత వెతికినా దొరకడం లేదు.