సున్నం బకెట్

మొన్నామధ్య మా అమ్మాయి ఫ్రిస్కోలో కొత్తగా కడుతున్న వరుస ఇళ్లు చూపిస్తానని కార్‌లో తీసుకెళ్లింది. ఎర్ర ఇటుక, తెల్ల కిటికీలు, తలుపు మీద విసనకర్రలా విచ్చుకున్న అద్దం. "నాన్నా, మన ఫిలడెల్ఫియా ఇల్లులాగే ఉంది కదా? పాతకాలపు జార్జియన్ స్టైల్ అంట!" అంది. వేలితో కొట్టి చూశాను. ఇటుక కాదు, చెక్క మీద అతికించిన ఇటుక బిళ్ల. కిటికీ రెక్కల్ని గోడకి బిగించేశారు, జన్మలో మూసుకోవు. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆగిపోయింది. అసలుదాన్ని పాడుచేసినవాణ్ణి, నకిలీని వెక్కిరించడానికి నేనెవర్ని?

ఫిలడెల్ఫియాలో మేం కొన్నది రెండు వందల ఏళ్లు దాటిన వరుస ఇళ్లలో ఒకటి. మూడంతస్తులు, పదహారడుగుల వెడల్పు. మా సోఫా గుమ్మంలో పట్టక రెండు రోజులు వీధిలోనే ఉండిపోయింది, దారినపోయేవాళ్లు దాంట్లో కూర్చుని కాఫీలు తాగారు. పై అంతస్తుకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివయ్యేవి, అందుకే కింద నుంచి చూస్తే ఇల్లు ఉన్నదానికన్నా పొడుగ్గా కనపడేది. పక్కింటికీ మాకూ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడే కప్పు దాటి పైకి లేచి ఇద్దరికీ ఉమ్మడి పొగగొట్టం అయ్యేది. గోడకవతల ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒక్కతే ఉండేది. మా అమ్మాయి ఆవిణ్ణి కూడా ఆంటీ అనే పిలిచేది. పుట్టింది ఆ ఇంట్లోనే, పోయేది కూడా ఆ ఇంట్లోనే అని ఆవిడ కనపడినప్పుడల్లా చెప్పేది.

మా ఇటుకల సందుల్లో సున్నం రాలిపోతోంది. నేనేమో సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకిన బాపతు, ఇరవై ఏళ్లుగా ఒక్క ఇటుక ముట్టుకోలేదు. ఇక చూడండి నా ఉత్సాహం! ఓ మేస్త్రీని మాట్లాడి సిమెంటు బస్తాలు దింపించాను. "ఎందుకండీ మీకీ సాహసం? పాత ఇళ్ల పని తెలిసిన కాంట్రాక్టర్‌ని బుక్ చేయండి" అంది మా ఆవిడ. విన్నానా?

పెద్దావిడ ఒక బకెట్ మోసుకుంటూ మెట్లు దిగి వచ్చింది. నిండా నానిన సున్నం, వెన్నలా ఉంది. "ఈ ఇటుక మెత్తనిది. మధ్యన అంతకంటే మెత్తనిదే పెట్టాలి, లోపలి చెమ్మ అందులోంచే బయటికి పోతుంది. సున్నం రాలితే మళ్లీ పెట్టుకోవచ్చు, ఇటుకే రాలితే ఏం చేస్తాం?" అని తన ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది. సున్నమంటే నాకు తెలిసిందల్లా వెల్ల వేయడం, తాంబూలం. "డోంట్ వర్రీ, ఐ యామ్ ఎ సివిల్ ఇంజనీర్" అన్నాను. బకెట్‌ని మర్యాదగా పుచ్చుకుని, మూతపెట్టి బేస్‌మెంట్‌లో పడేశాను. శని, ఆదివారాల్లో ముందు గోడ, పొగగొట్టం సిమెంటుతో బిగించి పారేశాం.

రెండో చలికాలానికి నా చదువు బయటపడింది. పోయే దారి లేక నీళ్లు ఇటుకల్లోనే గడ్డకట్టాయి, ఇటుకలు పెచ్చులు పెచ్చులుగా ఊడి మెట్ల మీద పడ్డాయి. పొగగొట్టం నుంచి చెమ్మ ఉమ్మడి గోడలోకి దిగి ఆవిడ పడగ్గదంతా బూజు పట్టింది. ఆవిడకి దగ్గు పట్టుకుంది. సిమెంటు పీకించబోతే ఇటుక కూడా దాంతోపాటే ఊడి వచ్చింది. చివరికి ఆవిడ మేనకోడలు వచ్చి వృద్ధాశ్రమానికి తీసుకెళ్లింది. వెళ్లేరోజు తలెత్తలేక మెట్ల దగ్గర నిలబడ్డాను. "ఇంజనీర్‌వి కదా, నాకంటే నీకే తెలుసనుకున్నాను" అంది. దెప్పినా బాగుండేది. ఆవిడ నిజంగానే అలా అనుకుంది. ఆరు నెలలకి అక్కడే పోయింది.

మేం ఇల్లు అమ్మేటప్పుడు బేస్‌మెంట్‌లో ఆ బకెట్ దొరికింది. మూత తీసి వేలు పెట్టి చూశాను. పైన తేరిన నీళ్ల కింద సున్నం ఇంకా అంతే మెత్తగా ఉంది.

"ఈ ఇల్లు ఎన్నేళ్లు ఉంటుంది నాన్నా? నువ్వు సివిల్ కదా?" అని ఫ్రిస్కోలో మా అమ్మాయి అడిగింది. "నన్నడక్కమ్మా" అన్నాను. రెండు వందల ఏళ్లు ఎండావానా మంచూ కలిసి చేయలేని పని, నేను ఒక్క శని, ఆదివారాల్లో చేసేశాను.