రెండోసారి తీసిన రక్తం

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈ మాట రాస్తుంటేనే నా మీద నాకు ఒళ్ళు మండుతోంది. నేను మోసిందేమిటి? నెలనెలా జీతం తీసుకున్నాను. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. మోసింది ఇంకొకామె. నేను చేసిన దానికి శిక్ష ఆమె అనుభవించింది. అది చూస్తూ నేను ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. ఆమె పేరు సువార్త అనుకోండి.

మాది రాజోలు దగ్గర ఒక పేట. నాన్న మిషను బడిలో మాస్టారు. మా పేటలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేనే. డెబ్బైల నడుమ, పట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెంపరరీ టెక్నీషియనుగా చేరాను. అక్కడి పెద్ద డాక్టరుగారు నెత్తుటి జబ్బుల మీద పరిశోధన చేసేవారు. మన రక్తానికి ఎర్రదనం ఇచ్చే హిమోగ్లోబిన్‌లో కొందరికి పుట్టుకతోనే తేడా ఉంటుంది. అది తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, తనలో ఉందని కూడా తెలియదు. ఇద్దరి నుంచీ వచ్చిందా, ఆ బిడ్డకి సొంత రక్తం చాలదు. ఒంటికి ఎక్కించిన రక్తంతోనే బతకాలి, బతికినన్నాళ్ళు.

కోనసీమలో రక్తం సేకరించాలనుకున్నారు. సూదీ సీసా పట్టుకుని కొత్తవాళ్ళు వస్తే ఎవరు చెయ్యి చాపుతారు? అప్పుడు ఆయనకి నేను గుర్తొచ్చాను. వాళ్ళని మా పేటకి నేనే తీసుకెళ్ళాను. మాస్టారి అమ్మాయి చెప్తోంది కదా అని ముసలివాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. ఏదైనా తేడా ఉంటే మేమే వచ్చి చెప్తామని ఇంటింటికీ తిరిగి మాట ఇచ్చింది నేను. ఇంకెవరో కాదు.

ల్యాబులో ఒక్కొక్కరి రక్తం చుక్కని తడి కాగితపు పట్టీ మీద పెట్టి కరెంటు పంపేవాళ్ళం. అది గీతలుగా విడిపోతుంది. తేడా మోస్తున్నవాళ్ళకి ఒక సన్నగీత ఉండాల్సిన దానికన్నా దట్టంగా వస్తుంది. ఎస్తేరమ్మగారికి అలా వచ్చింది. ఆవిడ తమ్ముడికి వచ్చింది. ఆ తమ్ముడి కూతురే సువార్త. సువార్తకీ వచ్చింది. ఎస్తేరమ్మగారి కొడుకు యోసేపుకీ వచ్చింది. సువార్త తల్లి మరియమ్మ గీత మాత్రం మామూలుగా ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మరియమ్మ రక్తంలో ఏమీ లేదు.

యోసేపుకి సువార్తనే ఇవ్వాలని అప్పటికే అనుకున్నారు. మేనరికం. నేను డాక్టరుగారికి ఆ మాట చెప్పాను. ఆయన భయపడతారనుకున్నాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగి, ఇలాంటి కుటుంబం వెతికినా దొరకదన్నారు. ఆ ఇద్దరి రక్తం మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఫలితాలు చెప్పేస్తే రేపు ఇంకో ఊళ్ళో ఒక్కరూ చెయ్యి చాపరనీ, మనం వెళ్ళింది వైద్యం చెయ్యడానికి కాదు, చూడటానికనీ అన్నారు. ఆ తర్వాత, అదే గొంతుతో, నా ఉద్యోగం పర్మనెంటు చేయించే సంగతీ, అచ్చయ్యే వ్యాసంలో నా పేరు వేసే సంగతీ ఎత్తారు.

ఆయన్ని తిడుతూ పది పేజీలు రాయగలను. శాలువాలు కప్పించుకుని రిటైరయ్యాడు. కానీ ఆయన్ని తిట్టినకొద్దీ నా తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. అదే నాకు వద్దు. ఆయన నా నోరేమీ కుట్టెయ్యలేదు కదా? బస్సెక్కి పేటకి వెళ్ళి రెండోసారి సూది గుచ్చింది నా చేతులే కదా?

ఆ మరుసటి ఆదివారం, ఆరాధన అయ్యాక, గుడి వెనక కాలవగట్టు మీద సువార్త నన్ను ఆపింది. ఆమెకి పంతొమ్మిదేళ్ళు. నన్ను అక్కా అనేది.

"అక్కా, అందరి దగ్గరా ఒక్కసారే తీసేరు. నా దగ్గరా, మా బావ దగ్గరా రెండోసారెందుకు తీసేరు?"

"మొదటి సీసాలు బస్సులో పగిలిపోయేయే."

"అంతేనా? మాలో ఏమన్నా తేడా ఉందేమోనని భయమేసింది. ఉంటే చెప్పెయ్యక్కా. పెళ్ళి ఇంకా అవ్వలేదు కదా."

"ఏం తేడా లేదు. హాయిగా చేసుకో."

"ఆయ్," అంది. నా చెయ్యి పట్టుకుని నవ్వింది.

ఇంకా ఎంత తేలిగ్గా అడగాలి ఒక మనిషి? పెళ్ళి ఇంకా అవ్వలేదని కూడా ఆమే గుర్తు చేసింది. ఆ రోజుల్లో ఎవరికి తెలుసు, ఏం చెయ్యగలిగేవాళ్ళం అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తెలుసు. నాకు తెలుసు. ఒక్క మాట చెప్తే చాలు, ఆమెకి ఇంకో సంబంధం చూసేవాళ్ళు. నెల తిరక్కుండా ఆ పెళ్ళిలో పాటలు పాడాను.

రెండేళ్ళలోపు సువార్త పాపని ఎత్తుకుని గోదారి రేవు దాటి మా ఆసుపత్రికి వచ్చింది. నేనక్కడ ఉన్నానన్న ధైర్యంతో వచ్చింది. పాప పాలిపోయి ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. పట్టీ మీద ఏం వస్తుందో చూడకముందే నాకు తెలుసు. నెలనెలా వచ్చేవారు. రక్తం ఎక్కిస్తే పదిహేను రోజులు ఆడుకునేది, మళ్ళీ వాడిపోయేది. రక్తం దొరకని నెలలు కూడా ఉన్నాయి. డాక్టరుగారు వ్యాసం కోసం పాపకి ఫొటో తీయించారు. బట్టలు విప్పి గోడ దగ్గర నిలబెట్టారు. కదలకుండా భుజాలు పట్టుకోమన్నారు నన్ను. పట్టుకున్నాను. సువార్త పక్కనే నిలబడి, అక్క ఉంది, ఏడవకు అంటోంది.

నాలుగేళ్ళు నిండకుండానే పాప పోయింది.

ఆ తర్వాతే నా రెండో తప్పు. మొదటిదానికి భయమనో వయసనో సాకు చెప్పుకోవచ్చేమో. దీనికి ఏ సాకూ లేదు. తన వంశంలో ఇలాంటి రోగం ఎన్నడూ లేదనీ, ఇది మరియమ్మ తరపు చెడ్డ రక్తమనీ ఎస్తేరమ్మగారు పేటంతా చెప్పింది. పెద్దల్ని పిలిచింది. సెలవు మీద వచ్చి ఉన్నాను కనక నన్నూ కూర్చోబెట్టారు. నువ్వు చదువుకున్నదానివి, ఇది ఎవరి నుంచి వచ్చిందో చెప్పమ్మా అని అడిగారు. ఎస్తేరమ్మగారు నా ఎదురుగానే ఉంది. అదంతా ఆవిడ పుట్టింటి రక్తమే. ఆవిడ తమ్ముడికీ, ఆవిడకీ, ఆవిడ కొడుక్కీ. మూడు పట్టీలూ నా కళ్ళలో ఆడుతున్నాయి. నిజం చెప్తే, మరి పెళ్ళికి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అది కచ్చితంగా చెప్పలేమండీ, అన్నాను.

సువార్తని పుట్టింటికి పంపేశారు. యోసేపు ఏడాది తిరక్కుండా వేరే అమ్మాయిని చేసుకున్నాడు. ఆ అమ్మాయి రక్తంలో తేడా లేదు కాబోలు, పిల్లలు ఎర్రగా, పుష్టిగా పుట్టారు. చూశారా, దోషం ఎవరిదో తేలిపోయింది అంది పేట. సువార్త తండ్రి ఆ దిగులుతోనే పోయాడు. తల్లీకూతుళ్ళు కొబ్బరిపీచు పనికి వెళ్ళి బతికారు. ఏ ఇంట్లో పురుడు జరిగినా వాళ్ళని పిలిచేవారు కాదు. ఇదంతా సెలవులకి వెళ్ళినప్పుడల్లా నా కళ్ళతో చూశాను. నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఈమధ్య ల్యాబు వేరే గదుల్లోకి మారుస్తూ బీరువాలు ఖాళీ చేస్తుంటే ఆ వ్యాసం దొరికింది. అందులోని ఫొటోలో పాప కళ్ళ మీద నల్లపట్టీ వేశారు, ఎవరో తెలియకూడదని. భుజాల మీద రెండు చేతులున్నాయి. ఆ వేళ్ళు నావి. లోపల ఎక్కడో, చిన్న అక్షరాల్లో, సహకరించినవారిలో నా పేరు ఉంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కాగితాన్ని చింపెయ్యాలన్నంత కోపం కాదు. నన్ను నేను చెంపమీద కొట్టుకోవాలన్నంత.

పోయిన బుధవారం సెలవు పెట్టి పేటకి వెళ్ళాను. సువార్త వాకిట్లో పీచు ఆరబెడుతోంది. అక్కా, ఎప్పుడొచ్చేవు అని పీట వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సీసాలు పగల్లేదని చెప్పాను. మీ బావకీ ఉంది, మీ అత్తకీ ఉంది, మీ అమ్మకి లేదు, ఇదంతా పెళ్ళికి ముందే నాకు తెలుసు అని చెప్పాను. ఆమె చేతిలో పీచు అలాగే ఉంది. నా వైపు చూడకుండా, లోపలున్న తల్లిని పిలిచింది.

"అమ్మా, ఒకసారి ఇలా రా. ఈవిడేదో చెప్తారంట."

మరియమ్మ గోడ పట్టుకుని వచ్చింది. నేను మళ్ళీ చెప్పాను. ఆవిడ అర్థంకానట్టు కూతురి వంక చూసింది.

"మా అమ్మకి సరిగ్గా వినపడదండీ," అంది సువార్త. నన్ను ఆమె ఎప్పుడూ అండీ అనలేదు. "గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను. పక్కిళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. ఇంకా గట్టిగా, అరిచినట్టుగా, మరియమ్మగారూ మీ రక్తంలో ఏ దోషం లేదు, నేను అబద్ధం చెప్పేను అన్నాను. ఈసారి ఆవిడకి వినపడింది. అక్కడే కింద కూర్చుండిపోయింది. సువార్త తల్లి పక్కన కూర్చుని, ఇంక మీరు వెళ్ళండి అంది నాతో.

వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు నాకు. ఆమె క్షమించకపోవడమే న్యాయం. ఇప్పుడు పేటంతా నా గురించి ఏమనుకుంటున్నారో తెలియదు, మా నాన్న పేరు ఏమైపోయిందో తెలియదు. కోపం తగ్గలేదు. కానీ పదమూడేళ్ళలో మొదటిసారి, ఆ వాకిట్లో, నా నోటి వెంట నిజం వచ్చింది. ఇప్పుడు మీకూ చెప్పాను.