మేయ్ గారి మట్టి కూజాతో దుబాయ్ దాకా

అబుదాబికి పడమట దూరంగా ఉన్న రువైస్ నుంచి దుబాయ్‌లోని చైనా బజారుకు బస్సుల్లో వెళ్లాలనుకునేవారు తెల్లవారకముందే లేవాలి. మేము 2023 నవంబరు 18, శనివారం, ఉదయం 5.40కి ఇల్లు వదిలాం. మేమంటే నేనూ, మా వియ్యపురాలు సుభద్రమ్మగారూ. నాకు డెబ్బై ఒకటి, ఆమెకు అరవై ఎనిమిది. ఆమె చేతిలో పెరుగన్నం డబ్బాల సంచి, నా చేతిలో తువ్వాల్లో చుట్టిన పిడికెడంత మట్టి కూజా. ప్రయాణం ఆ కూజా కోసమే.

అది మా పక్క ఫ్లాటులో ఉండే చైనా ఆవిడ మేయ్ గారిది. ఆమె కొడుకూ, మా అల్లుడూ ఒకే రిఫైనరీలో ఇంజనీర్లు. కూజా ఆమె తల్లి వాడినది. ఊదారంగు మట్టి, పైన పూత లేదు. ఊలాంగ్ అనే మెలితిరిగిన నల్లటి ఆకు తప్ప అందులో మరో టీ ఎన్నడూ కాచలేదట. మేయ్ గారు మూడు వారాలకు తన ఊరు వెళ్తూ, కూజా వాడక లేకుండా ఎండిపోకూడదని మాకు అప్పగించారు. రోజూ అదే ఆకుతో కాచుకు తాగమన్నారు. తాగాం. ఆదివారం రాత్రికి ఆమె తిరిగి వస్తారు.

గురువారం సుభద్రమ్మగారు కూజాను ఇచ్చేయడానికి సిద్ధం చేశారు. లోపల పట్టిన నల్లటి మరకను నిమ్మచెక్కా, గిన్నెల సబ్బూ పెట్టి పోయేదాకా తోమారు. పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి దాన్నిండా కరివేపాకు పొడి పోసి మూత పెట్టారు. వెల్లుల్లీ ఇంగువా దండిగా వేసిన పొడి. మర్నాడు నేను చూసి పొడి తీసేసి, నీళ్లతో కడిగి, అందులో టీ కాచాను. వచ్చింది టీ కాదు, చారు.

"గట్లెందుకు తోమిన్రు వదినగారూ?" అన్నాను.

"మరకల గిన్నె ఇత్తే మన పరువేం కానండీ? మీ హన్మకొండలో ఖాళీ గిన్నె ఇచ్చేత్తారేంటి?"

"ఇయ్యం. గని చాయ్ కూజల పొడి గూడ పొయ్యం."

ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు. తల్లి వస్తువుల్లో తనకు మిగిలింది ఇదొక్కటేనని మేయ్ గారు చెప్పిన మాట మా ఇద్దరికీ గుర్తుంది. ఆమె వచ్చేలోగా ఆ వాసన పోవాలి. టీ సామాను అమ్మేవాళ్లకు మందు తెలిసి ఉంటుందని మా అమ్మాయి అంది. అందుకే బయల్దేరాం.

6.05 బస్సులో మా పక్క సీటులో రాజోలు వైపు అమ్మాయి కూర్చుంది. రువైస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పని. తువ్వాలు చూసి, "చంటిబిడ్డాండీ మామ్మగారూ?" అంది. సంగతి చెబితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "మా మేడం గావా, అదే అరబ్బు కాఫీ, కాసే కెటిల్‌లో నేనోసారి పులుసు కాసానండి. వారం రోజులు నాతో మాటల్లేవు."

సుభద్రమ్మగారు కిటికీ వైపు తిరిగిపోయారు.

అబుదాబిలో దిగేసరికి 9.30. అక్కడి నుంచి దుబాయ్ బస్సుకు మనిషికి 25 దిర్హాములు. ఇబ్న్ బతూతా మాల్ దగ్గర దిగి మెట్రో ఎక్కి, రషీదియాలో టాక్సీ పట్టుకుని బజారు చేరేసరికి ఒంటిగంటన్నర. వెనుక తలుపు దగ్గరి బెంచీ మీద పెరుగన్నం తిన్నాం. లోపల నడక చాలా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు మెత్తని చెప్పులు వేసుకోవాలి.

టీ దుకాణం యజమానురాలి పేరు ల్యూ. యాభై ఏళ్లుంటాయి. గిరాకీల దగ్గర నేర్చుకున్న హిందీ గడగడా మాట్లాడుతుంది. కూజా మూత తీసి వాసన చూసింది. మూత పెట్టింది. మళ్లీ తీసి చూసింది.

"దీదీ, యే చాయ్ కా హై యా సబ్జీ కా?" టీదా, కూరదా అని.

సబ్బు పెట్టామని చెప్పాక నవ్వడం మానేసింది. ఈ మట్టికి కంటికి కనబడని రంధ్రాలుంటాయట. ఏది పోస్తే అది తాగుతుందట. ఇన్నేళ్లు టీ తాగింది, మొన్న సబ్బు తాగింది, ఆ తర్వాత మన ఇంగువ.

చెంబుకు చిల్లులుంటే నీళ్లు కారాలి గదా అని నాకు అనుమానం. అమ్మేవాళ్ల మాట ఊరికే నమ్మే అలవాటు నాకు లేదు. అదే ఆకు, అవే నీళ్లు, అంతే సేపు, గిన్నెలు మాత్రం వేరుగా కాచి చూపించమన్నాను. ల్యూకి ఆ పరీక్ష నచ్చింది. చెంచాడు చొప్పున ఆకు తూచి మూడింట్లో వేసింది: మూత ఉన్న పింగాణీ కప్పు, గాజు కూజా, తను రోజూ వాడే మట్టి కూజా. సలసల కాగిన నీళ్లు పోసి, ఇరవై లెక్కపెట్టి వంచేసింది. మన టీలా మరిగించడం లేదు. గుక్కెడు గుక్కెడుగా, అదే ఆకును మళ్లీ మళ్లీ కాస్తారు.

సుభద్రమ్మగారిని కళ్లు మూసుకోమన్నాను. ఆమె నాలుక చారులో ఉప్పు ఒక పలుకు తగ్గినా చెబుతుంది.

"ఇదేమో ముక్కుకి ముందు తగిలిందండి. వాసనంతా పైనే ఉంది, చివర్న కూత్త వగరు." పింగాణీ.

"ఇది పల్చన. అప్పుడే చల్లారిపోయింది కూడా." గాజు.

మూడోది నెమ్మదిగా తాగారు. "ఇది వాసన తక్కువండి. గొంతులోకెళ్లాక తెలుత్తంది. వగరు లేదు, నున్నగా ఉంది." మట్టి.

నేనూ తాగాను. ఆమె చెప్పింది నిజమే. పింగాణీ ఆకును ఉన్నదున్నట్టు చెబుతుంది, పాడు ఆకైతే అదీ చెబుతుంది. గాజు తొందరగా చల్లారుతుంది కాబట్టి నల్లటి ఆకుకు పనికిరాదు, లేత పచ్చి ఆకుకు మంచిదట. మట్టి వేడిని పట్టి ఉంచుతుంది, కరుకును మింగుతుంది. ఇక నా అనుమానాన్ని అక్కడే వదిలేశాను.

ల్యూ కొత్త కూజా ఒకటి అంటగట్టబోయింది. సుభద్రమ్మగారు ఒప్పుకోలేదు. "వాళ్లమ్మది బాగుచెయ్యండి. కొత్తది మాకెందుకండీ?"

అప్పుడు ల్యూ స్టీలు గిన్నెలో చన్నీళ్లు పోసి, అడుగున గుడ్డ పరిచి కూజాను ముంచి, సన్నని సెగ మీద పెట్టింది. ఒక్కసారిగా వేడి చేస్తే పగులుతుందట. అది కాగాక పొద్దుటి నుంచి కాచి వడగట్టిన టీ ఆకు గుప్పెళ్లతో వేసింది. మెల్లగా మరగనిచ్చి, చల్లారనిచ్చి, నీళ్లు మార్చి మళ్లీ మొదటి నుంచి. దుకాణం కట్టేవేళ దాకా మేము అక్కడే రెండు స్టూళ్ల మీద కూర్చున్నాం. ఈలోగా ఎన్ని రకాలు తాగించిందో, సుభద్రమ్మగారికి హుషారెక్కి ల్యూకి ఆవపెట్టిన కూర వండే విధానం తెలుగులోనే చెప్పారు. ల్యూ హిందీలో తలూపింది.

చివరికి సుభద్రమ్మగారు, "ఖలాస్? వాసన ఖలాస్?" అని అడిగారు.

"సబ్బు ఖలాస్. మసాలా థోడా బాకీ. రోజ్ చాయ్ పియో."

కొంచెం మిగిలింది, రోజూ తాగుతుంటే పోతుందని. కానీ మాకు రోజులెక్కడివి? బజారు పక్కనే ఉన్న ఇంటర్నేషనల్ సిటీలో రాత్రి బసకు గది 170 దిర్హాములు, శుభ్రంగా ఉంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి, మధ్యాహ్నం ఒంటిగంటకు అబుదాబిలో రువైస్ బస్సు ఎక్కాం. మూడో వరుసలో పెద్ద సంచి, ఫ్లాస్కుతో మేయ్ గారు కూర్చుని ఉన్నారు. విమానం పొద్దున్నే దిగిందట, కొడుక్కి డ్యూటీ పడి తీసుకెళ్లడానికి రాలేదట. మమ్మల్ని చూసి సంతోషంగా చేతులూపారు. తర్వాత నా చేతిలోని తువ్వాలు చూశారు.

సుభద్రమ్మగారు ఒక్క క్షణం ఆగలేదు. తనకొచ్చిన పది ఇంగ్లీషు ముక్కలతో, మిగతాది చేతులతో, తోమడం దగ్గర నుంచి స్టీలు గిన్నె దాకా అంతా చెప్పేశారు. మేయ్ గారు కూజా తీసుకుని లోపలికి చూశారు. నల్లటి మరక లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నారు.

దారిలో మిర్ఫా అనే ఊళ్లో బస్సు పది నిమిషాలు ఆగింది. మేయ్ గారు దిగి, నీడలో సిమెంటు బల్ల మీద కూజా పెట్టి, సంచిలోంచి ఆకు తీసి వేశారు. ఫ్లాస్కు నీళ్లు పోసి, ఆకు కడిగిన ఆ నీళ్లు పారబోశారు. మళ్లీ పోసి ఫ్లాస్కు మూత కప్పులోకి వంచి తాగారు. ముఖం చిట్లించారు. రెండోసారి పోసి తాగారు. కనుబొమలెత్తారు. మూడోసారి తాగి, కళ్లు మూసుకుని, కప్పు సుభద్రమ్మగారికి అందించారు.

"మొదటి రెండింటిలో సుభద్ర," అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా. "మూడోదాంట్లో మా అమ్మ."

సుభద్రమ్మగారు తాగారు. కళ్లు తుడుచుకుని, తన సంచిలో చెయ్యి పెట్టి చిన్న స్టీలు డబ్బా తీసి, కూజా పక్కన పెట్టారు. "ఖాళీగా ఎలా ఇచ్చేదండీ?"

అందులో ఏముందో నాకు చెప్పక్కర్లేదు. మేయ్ గారు మూత తీసి వాసన చూసి, బస్సులో వాళ్లంతా తొంగిచూసేలా పకపకా నవ్వారు.

"దీని రుచి నాకు తెలుసు. ఇప్పుడే రెండు కప్పులు తాగాను."

డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ హారన్ కొట్టాడు. నాలుగోసారి పోసిన టీ బస్సులోనే తాగాం, ఒకే కప్పుతో ముగ్గురం. ఆ దారిన వెళ్లేవారు ఫ్లాస్కులో వేడినీళ్లు మర్చిపోవద్దు.