వియ్యపురాలు చెప్పిన అల్మోరా

ఐర్లండ్‌లోని మన తెలుగువాళ్ళందరూ ఎలా ఉన్నారు? కాజిల్‌బార్‌లో ఆస్పత్రి డ్యూటీలు చేసే అమ్మాయిలు బాగున్నారా? చీకటిపడ్డాక ఒంటరిగా బస్సు కోసం నిలబడటం లేదు కదా? కార్లోలో చదువుకునే పిల్లలు వేళకు తింటున్నారా? డబ్లిన్‌లో పసివాళ్ళతో ఉన్నవాళ్ళకు ఆ జలుబులు తగ్గాయా? నాలాగా మోకాళ్ళూ బీపీ ఉన్న పెద్దవాళ్ళు మందులు మానకుండా వేసుకుంటున్నారా? ఇక్కడ కార్క్‌లో నా కొడుకు బాగానే ఉన్నాడు, నడుము నొప్పంటాడు కానీ కుర్చీలోంచి లేవడు. మనవరాలికి దగ్గు పోయింది. కోడలు తింటోంది, పనికి వెళుతోంది. మా వియ్యపురాలు మాత్రం లేదు. మొన్న ఏప్రిల్‌లో మా ఇంట్లోనే, నిద్రలో పోయింది.

వారం వారం జీపీ డాక్టరు దగ్గరకు వెళ్ళేదాన్ని నేను. నాకేమైనా అవుతుందేమోనని ఇంట్లో అందరూ నన్నే కనిపెట్టుకొని ఉండేవారు. ఆమెకు ఇక్కడి డాక్టరు మొహం కూడా తెలియదు. పొద్దున టీ పెట్టి పిలిస్తే పలకలేదు. అంతే.

మన పత్రికలో నాలుగు మాటలు రాయమని కోడలే అడిగింది. "మా అమ్మతో ఎక్కువ మాట్లాడింది మీరే కదా అత్తమ్మా" అన్నది. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే పత్రికవాళ్ళు దిద్దుతారు.

ఆమెది హిమాలయాల్లో అల్మోరా జిల్లా. మాది నిజామాబాద్. పిల్లలు ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు, మేము ఒకే వంటింట్లో పడ్డాం. ఆమె నన్ను సమధన్‌జీ అనేది, అంటే వియ్యపురాలు అనే. నాది హైదరాబాదు హిందీ, ఆమెది కొండ హిందీ. కాబట్టి ఆమె మాటలు మీకు తెలుగులో చెబుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆమె అస్థికలు దహనం చేసిన చోటే భద్రపరచమన్నాం, ఇంట్లో పెట్టకూడదని. అల్మోరా పక్క జిల్లాలో బాగేశ్వర్ అని ఉంది. సరయూ, గోమతి అనే రెండు నదులు అక్కడ కలుస్తాయి. అస్థికలను ఆ నీళ్ళలో కలపాలి. కోడలు, కొడుకు, మనవరాలు వెళతారు. నన్నూ రమ్మన్నారు. కొండదారి అంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంటుంది. వెళ్ళాలా వద్దా అన్నదే ఈ మూడు నెలలూ మా ఇంట్లో గొడవ.

ఆ గొడవ కొత్తదేమీ కాదు. ఆమె ఉన్నప్పుడు కూడా ఏటా నన్ను తన ఊరికి పిలిచేది, ఏటా ఏదో అడ్డం వచ్చేది. ఒక ఏడు నా మోకాలు. ఒక ఏడు అక్కడ వానలు. మా వాడు నాకు నచ్చజెప్పేవాడు.

"అమ్మా, ఊకె పరేషాన్ కాకు. ఆ డ్రైవర్లకు అలవాటుంటది."

"వాని అలవాటుతోని నేను లోయల పడాల్నారా? టీవీల చూడలేదా, కొండ ఇరిగి రోడ్డు మీద పడ్డది!"

"అది వానకాలంల."

"వానకాలం చెప్పి వస్తదా?"

ఆమె చపాతీలు ఒత్తుతూ "ఏమంటోంది?" అని అడిగేది. వాడు హిందీలో చెప్పేవాడు. "రాజుల కాలం నుంచీ పడుతూనే ఉన్నాం, అయినా ఊరు నిండుగానే ఉందని చెప్పు నాయనా" అనేది ఆమె, చపాతీ మీద నుంచి కన్ను తీయకుండా.

ఊరు ఎలా ఉంటుందో నాకు ఆరేసిన తువ్వాలుతో చూపించింది. బట్టలారేసే స్టాండు మీద తడి తువ్వాలు వేసి, మధ్యలో కొంచెం నొక్కింది. "ఇదిగో, గుర్రం మీద జీను ఉంటుందే, అలా ఉంటుంది మా కొండ. ఈ వీపు మీద పొడుగునా బజారు. ఇళ్ళు రెండు పక్కలా ఇలా వేలాడుతుంటాయి. ఇటు కింద కోసి నది, అటు కింద సుయాల్." బజారులో నేలంతా పలకరాళ్ళు పరిచి ఉంటాయట. పాత ఇళ్ళ తలుపులకు, కిటికీలకు చెక్క మీద చెక్కిన పువ్వులు ఉంటాయట. రాగి బిందెలు కొట్టేవాళ్ళ చప్పుడు పొద్దున్నే వినిపిస్తుందట. "పిల్లలు జారితే?" అని అడిగాను. "జారితే లేస్తారు" అన్నది.

ఊరి చరిత్ర చెప్పినప్పుడు మా ఇంటి లీజు గొడవ నడుస్తోంది, ఇల్లుగలావిడ ఖాళీ చేయమంటుందేమోనని నాకు అన్నం దిగడం లేదు. ఆమె నన్ను కూర్చోబెట్టి, చంద్ రాజులు చంపావత్ నుంచి రాజధానిని అల్మోరా కొండ మీదికి మార్చారని చెప్పింది. తరువాత నేపాలు నుంచి గూర్ఖాలు వచ్చారు, తరువాత తెల్లవాళ్ళు వచ్చారు. "గూర్ఖాలది చిన్న లీజు, తెల్లవాళ్ళది పెద్ద లీజు. ఇద్దరూ ఖాళీ చేశారు. మా వాళ్ళు మాత్రం అక్కడే ఉన్నారు. అద్దె ఇంటికి ఇంత ఏడుపెందుకు?" అన్నది. లీజు పొడిగించారు లెండి, ఇప్పటికి.

కార్క్‌లో మా వీధి నిటారుగా ఉంటుంది, కొత్తవాళ్ళు సగంలో ఆగి ఊపిరి పీల్చుకుంటారు. నేను గోడ పట్టుకొని ఎక్కుతాను. ఆమె చేతులు వెనక్కి కట్టుకొని, సంచి మోచేతికి తగిలించుకొని ముందు వెళ్ళేది. పైన నిలబడి నాకోసం చూసేది. అటుగా వెళ్ళే ముసలాయన ఒకడు "గ్రాండ్ డే" అని, అంటే రోజు బాగుందని, పలకరిస్తే, ఏ భాషకూ చెందని తల ఊపు ఊపేది. ఒకసారి పిల్లలు మమ్మల్ని కారులో కొండలు చూడడానికి తీసుకెళ్ళారు. ఆమె అద్దంలోంచి చూసి, "ఇవి కొండలా? మా మేకలు వీటిని చూస్తే నవ్వుతాయి" అన్నది. కానీ వాన ఆగి పచ్చగా మెరిసినప్పుడు అద్దం దించమని ముఖం బయటికి పెట్టింది.

మాకు తిండిలో కలిసింది ఉలవలు. వాళ్ళూ చలికాలంలో ఉలవలు వండుతారు, గహత్ అంటారు. నేను ఉలవచారు పెడితే ఆమె రెండోసారి అడిగి పోయించుకున్నది. భంగు గింజల పచ్చడి దగ్గర మాత్రం నాకు భయం పట్టుకుంది. ఆమె ఊరి నుంచి సంచిలో ఆ గింజలు తెచ్చుకున్నది.

"భంగా! గార్డులు వస్తే?" అన్నాను. ఇక్కడి పోలీసులను గార్డులనే అంటారు మరి.

"వస్తే వాళ్ళకూ పెడదాం. ఉప్పు, నిమ్మకాయ ఎక్కువ వేసి" అన్నది.

ఆ గింజలే ఇక్కడి దుకాణంలో ఆరోగ్యానికి మంచిదని అమ్ముతుంటారని మనవరాలు ప్యాకెట్ తెచ్చి చూపించాక గానీ నేను నోట్లో పెట్టలేదు. బాగుంది. ఇప్పుడు చేసేవాళ్ళు లేరు.

దేవుళ్ళ గురించి కూడా చెప్పేది. దేవదారు చెట్ల లోయలో జాగేశ్వర్ అని రాతి గుళ్ళ గుంపు ఉందట. పెద్ద గుడి పక్కన చిన్నవి, పిల్లల్లా. చితయీలో గోలు దేవుడు న్యాయం చెప్పే దేవుడు. జనం కష్టాలు కాగితం మీద రాసి అర్జీలు కడతారు. తీరినవాళ్ళు గంట కడతారు. దారి పొడుగునా గంటలేనట. నేను వెంటనే, మా వాడి నడుము గురించి, మనవరాలి దగ్గు గురించి అర్జీ పెట్టవచ్చా అని అడిగాను. ఆమె నవ్వి, "నీ భయాలన్నీ అర్జీలు పెడితే గోలు దేవుడు సెలవు పెట్టి వెళ్ళిపోతాడు" అన్నది.

ఇక హరేలా పండుగ. శ్రావణం వచ్చే ముందు వాళ్ళు చిన్న బుట్టలో మట్టిపోసి గోధుమ, బార్లీ, మొక్కజొన్న వంటి గింజలు చల్లుతారు. ఎండ తగలకుండా చీకట్లో పెంచుతారు. పదోరోజు ఆ మొలకలు కోసి, ఇంట్లో పెద్దవాళ్ళు అందరి తలల మీదా పెట్టి దీవిస్తారు. ఈ దేశంలో ఆ గింజలకు వెచ్చని చీకటి ఎక్కడ? ఆమె హాట్ ప్రెస్‌లో పెట్టింది. వేడినీళ్ళ ట్యాంకు ఉండే బీరువాను ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్ళు అక్కడే పెడతాం. నాకు తెలియదు. తువ్వాలు కోసం తలుపు తీస్తే మొలకలు పాలిపోయి పసుపురంగులో ఉన్నాయి. అయ్యో చచ్చిపోతున్నాయని బుట్ట తీసి వంటింటి కిటికీలో పెట్టాను. రెండు రోజులకు పచ్చబడ్డాయి. ఆమె వచ్చి చూసి బుట్ట పక్కనే కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు.

"సమధన్‌జీ, కొండ గింజల్ని తీసుకొచ్చి నిజామాబాద్ గింజలు చేశావు!"

అవే కోసింది. పాదాల దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళు, భుజాలు తాకించి, మొలకలు తల మీద పెట్టి, తన కొండ భాషలో ఏదో పొడుగ్గా దీవించింది. అందరికన్నా ముందు నాకు పెట్టింది. నాకన్నా కొంచెం పెద్దది, అంతే.

మనిషి పోయిన ఏడు కదా, ఆ పండుగ చేయవచ్చా అని నాకు సందేహం. కోడలు అల్మోరాలో ఉన్న తన మేనమామను అడిగింది. ఆయన మా వియ్యపురాలికి అన్న. పెళ్ళయిన ఆడపిల్ల ఇల్లు వేరు, మైల పట్టదు, చిన్నపిల్ల తిరిగే ఇల్లు, విత్తండి అన్నాడు. కోడలు విత్తింది, హాట్ ప్రెస్‌లోనే పెట్టింది. నేను ఆ తలుపు తీయలేదు.

మొలకలు కోసి పళ్ళెంలో పెట్టాక కోడలు, కొడుకు, మనవరాలు వచ్చి నా ముందు కూర్చున్నారు. నేను వెనక్కి చూశాను, ఎవరి కోసమో అని. ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఆ దీవెన నాకు ఒక్క ముక్క రాదు. పాదాలు, మోకాళ్ళు, భుజాలు మాత్రం గుర్తున్నాయి. ఒక్కొక్కరి తల మీదా మొలకలు పెట్టి, నాకు వచ్చిందే అన్నాను. "పైలం బిడ్డా. పైలం." జాగ్రత్త అని. మనవరాలు తల కదపకుండా, "ఈజ్ దట్ ద హోల్ ప్రేయర్, నానమ్మా?" అన్నది. అంతేనే అన్నాను. "గ్రాండ్" అన్నది.

పళ్ళెంలో ఇంకా కొన్ని మొలకలు మిగిలాయి. కోడలు వాటిని చేత్తో తీసి, నా వైపు చూసి, మళ్ళీ పెట్టేసింది.

"మీకు పెట్టేవాళ్ళు ఇక్కడ లేరు అత్తమ్మా. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు పెట్టకూడదు. ఇప్పుడు మన రెండు వైపులా మీకన్నా పెద్దవాడు అల్మోరా మామయ్య ఒక్కడే."

టీ తాగాను. కప్పు కడిగాను. తరువాత మా వాడిని పిలిచి, "టికెట్లల్ల నాది గూడ పెట్టురా. కిటికి పక్కన సీటు వద్దు" అని చెప్పాను. వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని.

ఆ సాయంత్రమే కోడలు ఆ మేనమామకు వీడియో ఫోన్ చేసింది. ఆయన చెల్లెలి ముక్కు, చెల్లెలి గొంతు. వానలు పోయాకే రండి, కాఠ్‌గోదామ్‌లో రైలు దిగగానే నాకు తెలిసిన డ్రైవరును పంపుతాను, మెల్లగా నడుపుతాడు, వంద సార్లు ఆపమన్నా ఆపుతాడు అన్నాడు. నా గురించి చెల్లెలు చెప్పే ఉంటుంది. మా కోసం పరుపులు, రజాయిలు అప్పుడే బయటకు తీశాడట. ఫోన్ తిప్పి చూపించాడు. పలకరాళ్ళ ఇంటికప్పు మీద ఒక ఎర్ర రజాయి ఆరేసి ఉంది. దాని వెనుక అంతా తెల్లటి మబ్బు, మరేమీ లేదు. ఆయన ఆ మబ్బులోకి వేలు చూపించి, "అది త్రిశూల్ శిఖరం, దాని పక్కన నందాదేవి" అన్నాడు. ఏమీ కనబడటం లేదండీ అన్నాను. అక్కడే ఉన్నాయి, మీరు వచ్చేసరికి కనబడతాయి అన్నాడు. అక్టోబరు మూడో ఆదివారం పొద్దున అల్మోరాలో ఉంటాం.